థైరాయిడ్ చేతికి తగలడం లేదంటే ఎక్కడ పొరపాటు జరుగుతోంది?

మీరు నర్సింగ్ రెండో సంవత్సరంలో ఉన్నారనీ, ప్రాక్టికల్ పరీక్షలో తల, మెడ పరీక్ష చేసి చూపిస్తుండగా థైరాయిడ్ తగలనే లేదనీ, "ఎక్కడ వెతుకుతున్నావమ్మా?" అని ఎగ్జామినర్ అడిగేసరికి మాట పడిపోయిందనీ రాశారు. ఉత్తరాంధ్రలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా, ఆ తరువాత వార్డులో విద్యార్థులకు నేర్పే ట్యూటరుగా పనిచేశాను కాబట్టి ఈ ఇబ్బంది నాకు బాగా తెలుసు.

ముందుగా ఒక మాట: ఆరోగ్యంగా ఉన్నవారిలో థైరాయిడ్ చాలాసార్లు చేతికి తగలదు. తగలలేదని చెప్పడం తప్పు కాదు, కానీ వెతకవలసిన చోట వెతికి చెప్పాలి. విద్యార్థుల్లో ఎక్కువమంది మరీ పైన, గొంతుముడికి అటూ ఇటూ వెతుకుతారు. గొంతుముడి నుంచి వేలిని నిలువుగా కిందికి జార్చితే ఒక చిన్న పల్లం, దాని కింద ఉంగరం లాంటి క్రికాయిడ్ అనే మృదులాస్థి తగులుతాయి. థైరాయిడ్ నడిమి భాగం ఆ ఉంగరానికి దిగువన, శ్వాసనాళం మీద ఉంటుంది; రెండు లోబులు, అంటే పక్క భాగాలు, దానికి ఇరువైపులా కండరం చాటున ఉంటాయి.

చేతులు పెట్టడానికి ముందు కళ్ళతో చూడాలి. రోగిని వీపు ఆనించే వీలు లేని స్టూలు మీద, వెలుతురు పక్క నుంచి పడేలా కూర్చోబెట్టి, చేతికి గ్లాసుతో నీళ్ళివ్వండి. పుస్తెలతాడు తీయమని అడగవద్దు; పక్కకు జరిపి పట్టుకోమంటే సరిపోతుంది. గడ్డం కొంచెం ఎత్తి గుక్క మింగమన్నప్పుడు వాపు పైకి లేచిందంటే అది థైరాయిడ్‌దో, దానికి అంటుకుని ఉన్నదో అని అనుకోవచ్చు. నాలుక బయటపెట్టినప్పుడు కూడా లేస్తే థైరోగ్లోసల్ సిస్ట్‌ను, అంటే పుట్టుకకు ముందు థైరాయిడ్ దిగివచ్చిన దారిలో మిగిలిపోయిన తిత్తిని, అనుమానించాలి. ఆ తరువాత రోగి వెనుకకు వెళ్ళి నిలబడండి. ఇక్కడే రెండో పొరపాటు జరుగుతుంది: చూసేటప్పుడు ఎత్తించిన గడ్డాన్ని అలాగే ఉంచేస్తారు, దానితో మెడ కండరాలు బిగుసుకుని వేళ్ళకు ఏమీ అందదు. గడ్డం కాస్త కిందికి దించించి, ఎడమ చేతి వేళ్ళతో శ్వాసనాళాన్ని మెల్లగా కుడివైపుకు నెట్టి, కుడి చేతి వేళ్ళను కదపకుండా ఉంచి, మళ్ళీ మింగమనండి; గ్రంథే వేళ్ళ కిందికి వస్తుంది. లోబు ఆ మనిషి సొంత బొటనవేలి చివరి కణుపు కంటే పెద్దదిగా ఉంటే గాయిటర్‌గా, అంటే థైరాయిడ్ వాపుగా, పరిగణించాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాత కొలత. పరీక్ష హాల్లో అక్కరకొస్తుంది. రోజూ రాత్రి అద్దం ముందు మీ మెడ మీదనే సాధన చేయండి.

లింఫ్ గ్రంథులకు ఒక వరుస పెట్టుకుంటే ఏదీ జారిపోదు: చెవి ముందు, చెవి వెనుక, తల వెనుక, దవడ కింద, గడ్డం కింద, మెడ పొడవునా, చివరికి కాలర్ ఎముక పైన. వేలి కొసలతో పొడవకుండా మెత్తటి భాగంతో చర్మాన్ని గుండ్రంగా కదుపుతూ తడమాలి. మెత్తగా, కదులుతూ ఉండే చిన్న గింజంత బిళ్ళ చాలామందిలో ఉంటుంది. బడిపిల్లల తల వెనుక తగిలితే ముందుగా పేలు, తల పుండ్లు ఉన్నాయేమో చూడండి. అనేక బిళ్ళలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటే, పెద్దలు గండమాల అని పిలిచిన క్షయను మరువకూడదు. ఎడమ కాలర్ ఎముక పైన గట్టి బిళ్ళ తగిలితే కడుపులోని క్యాన్సర్ కూడా కారణం కావచ్చు కాబట్టి వెంటనే డాక్టరుకు చెప్పాలి. మెడకు ఇరుపక్కలా కొట్టుకునే కెరోటిడ్ నాడిని మాత్రం ఎన్నడూ రెండు వైపులా ఒకేసారి నొక్కవద్దు. కిందపడి దెబ్బ తగిలించుకుని వచ్చినవారి మెడను, వెన్నుకు గాయం లేదని తేలేవరకు కదపనే కదపకూడదు.

నోటి గురించి మీరు అడగలేదు, కానీ నా తప్పు అక్కడే జరిగింది. విద్యార్థిగా ఉన్నప్పుడు ఒక ముసలమ్మ నాలుక, పళ్ళు మాత్రం చూసి "నోరు నార్మల్" అని రాశాను. సీనియర్ సిస్టర్ ఆ కాగితం చదివి, మంచం దగ్గరికి వచ్చి, "అడ్డపొగ తాగుతావేటమ్మా?" అని అడిగింది. ముసలమ్మ కొంగుతో నోరు కప్పుకుని, "పెళ్ళికాకముందు నుంచే" అంది. శ్రీకాకుళం, విశాఖ తీరపు ఊళ్ళలో చుట్టను నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని తాగే అలవాటు, ముఖ్యంగా ఆడవాళ్ళలో, ఉంది; ఆ వేడి, పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. సిస్టర్ ఆమె తలను వెనక్కి వాల్చి టార్చి వేసింది. అంగిలి అంతా తెల్లబడి, ఎర్రటి చుక్కలతో, ఒక పక్క చిన్న పుండుతో కనిపించింది. ఆ పుండు నుంచి ముక్క తీసి పరీక్షకు పంపవలసి వచ్చింది. నేను ఆమె తలను వెనక్కి వాల్చమని అడగనే లేదు.

అప్పటి నుంచి కట్టుడు పళ్ళుంటే తీయించి, దవడల లోపలి వైపు, నాలుక అంచులు, నాలుక కింద, అంగిలి అని విడివిడిగా చూసి విడివిడిగానే రాస్తున్నాను. థైరాయిడ్‌కు కూడా "నార్మల్" అని ఒక్క మాట రాయకుండా, "పైకి వాపు లేదు, మింగినప్పుడు ఏమీ లేవలేదు, చేతికి తగలలేదు" అని రాయండి. ఎగ్జామినర్ మళ్ళీ అడిగినా, మీరు ఎక్కడ వెతికారో ఆ కాగితమే చెబుతుంది.