స్పేస్ ఫైటర్ గీయాలంటే ముందు వేడి గురించి ఆలోచించండి

గేమ్ మోడ్ (ఉన్న ఆటకి మనం చేసే మార్పులు, చేర్పులు) కోసం నమ్మదగ్గ స్పేస్ ఫైటర్ గీయాలి, ఐకాన్లు కూడా నేనే చేసుకోవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. వేడి దగ్గర మొదలుపెట్టండి.

అందరూ రెక్కలతో మొదలుపెడతారు. నేనూ అంతే. మాది అల్వాల్, హకీంపేటలో లేచే కిరణ్ ట్రైనర్ విమానాలను డాబా మీద నుంచి చూస్తూ పెరిగాను, ఫైటర్ అనగానే చెయ్యి అటే పోయేది. కానీ గాలి లేని చోట రెక్కకు పనేముంది? స్పేస్ షటిల్‌కి రెక్కలున్నది తిరిగొచ్చి రన్‌వే మీద దిగడానికే. కక్ష్యలోకి చేరగానే అది కార్గో తలుపులు తెరిచేది, ఎందుకంటే రేడియేటర్లు, అంటే వేడిని బయటికి వదిలే పలకలు, ఆ తలుపుల లోపలి వైపు ఉండేవి. అక్కడ వేడి బయటికి పోవడానికి ముఖ్యమైన దారి కిరణాలుగా పోవడమే. రియాక్టర్ పెట్టి, లేజర్లు పెట్టి, ఒక్క రేడియేటర్ కూడా లేకుండా గీసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

షిప్‌ని తిప్పడానికి చిన్న థ్రస్టర్లు, అంటే బుల్లి రాకెట్ ఇంజిన్లు కావాలి. చంద్రుడి మీద దిగిన అపోలో లూనార్ మాడ్యూల్ ఫోటో చూడండి, నాలుగు వైపులా నాలుగేసి, మొత్తం 16. బరువు కేంద్రానికి దూరంగా పెడితే తేలిగ్గా తిప్పుతాయి.

ఇక ఐకాన్లు. అసలు చెప్పాలనుకున్నది ఇదే. నాలుగు రేడియేటర్లు సన్నగా, పొడవుగా ఉన్న ఫైటర్ గీసి, ఆ 256 పిక్సెల్స్ బొమ్మనే ఐకాన్‌గా పెట్టేశాను. గేమ్ దాన్ని 32కి కుదించి చూపించింది. సంక్రాంతి సెలవులకు వచ్చిన మా అక్క కొడుకు పక్కన కూర్చుని "మామా, ఈ పతంగులేంటి?" అన్నాడు. దగ్గరికి వంగి చూస్తే వాడన్నది నిజమే. రేడియేటర్లు కరిగిపోయి మధ్యలో ఒక డైమండ్, కింద మంట తోకలాగా మిగిలాయి. పైగా చుట్టూ తెల్లటి అంచు.

ఆ అంచుతోనే రెండు రాత్రులు గడిచాయి. పారదర్శకంగా ఉన్న పిక్సెల్స్‌లో కంటికి కనపడని తెలుపు దాగి ఉంది, బొమ్మ చిన్నదవుతుంటే అది పక్కవాటిలో కలిసిపోతోంది. ఆల్ఫా ఛానెల్‌ని (ఏ పిక్సెల్ ఎంత పారదర్శకమో చెప్పే భాగాన్ని) ముట్టుకోకుండా షిప్ రంగునే అంచు దాటి బయటిదాకా పూస్తే పోయింది.

తర్వాత 32 గడుల్లోనే మళ్లీ మొదటి నుంచి గీశాను. రేడియేటర్ రెండు పిక్సెల్స్ మందం, పక్కన ఒక పిక్సెల్ ఖాళీ, నాజిల్ (ఇంజిన్ మంట బయటికొచ్చే గొట్టం) అసలు కంటే రెట్టింపు. ఫైటర్‌కి రెండు రేడియేటర్లు, బాంబర్‌కి నాలుగు. మొత్తం నల్లగా నింపి మేనల్లుడికి చూపిస్తే ఏది ఏదో టకటకా చెప్పేశాడు.

అమీర్‌పేటలో ఆరు నెలల యానిమేషన్ కోర్సు చేశాను, ఏ బటన్ ఎక్కడుందో చెప్పారు గానీ గీసినదాన్ని నాలుగడుగులు వెనక్కి జరిగి చూడమని ఒక్కరూ చెప్పలేదు. మోడ్లు చేసేవాళ్లూ అంతే, 3డీ మోడల్‌లో ఎన్ని పాలిగాన్లు (దాన్ని కూర్చే చిన్న చిన్న ముక్కలు) ఉన్నాయో గొప్పగా చెప్తారు, ఐకాన్ చేసినవాడి పేరు అందరికంటే కింద వేస్తారు. యుద్ధం మధ్యలో ఆడేవాడి కళ్లముందు ఎక్కువసేపు ఉండేది ఆ ఐకానే కదా!

సాఫ్ట్‌వేర్ అంటే బొమ్మలు ఎడిట్ చేసే జింప్ చాలు, ఉచితం. గేమ్ డీడీఎస్ ఫైల్ (గేముల్లో బొమ్మలు దాచే ఒక ఫైల్ రకం) అడిగితే పొడవు, వెడల్పు నాలుగుతో భాగమయ్యేలా పెట్టుకోండి, ఫైల్‌ని చిన్నది చేసే కంప్రెషన్ అటు నాలుగు, ఇటు నాలుగు పిక్సెల్స్ ఉన్న గడుల్లోనే జరుగుతుంది.