చిక్కీ ఆపరేషన్ గురించి మేనకోడలికి ఉత్తరం

చి. మాధవికి అత్తయ్య ఆశీస్సులు.

వచ్చే నెలలో నీ గినీ పిగ్‌లు, ఆడది చిక్కీకీ మగది లడ్డూకీ ఒకేరోజు ఆపరేషన్ చేయించబోతున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. అప్పట్నుంచీ మనసు అక్కడే ఉంది. గినీ పిగ్‌కి రెండు పక్కలా వెంట్రుకలు ఊడిపోతుంటే చర్మం జబ్బనుకుని ఏదో పౌడరు చల్లి ఊరుకునేవాళ్లే ఎక్కువ. నువ్వు స్కానింగ్ దాకా తీసుకెళ్లి, అండాశయాల్లో నీటితిత్తులు ఉన్నాయని తేల్చుకున్నావు. చిన్నప్పుడు కోడిపిల్ల కుంటుతోందని అన్నం మానేసి దాని పక్కన కూర్చున్న పిల్లవి, నీకు ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది! గర్వంగానే ఉందమ్మా. కానీ ఒకేరోజు ఇద్దరికీ అన్నమాట నాకు అస్సలు నచ్చలేదు.

చిక్కీకి అండాశయాలు తీసేశాక ఇక పిల్లలు పుట్టే ప్రశ్నే లేదు. మరి లడ్డూని కోయించడం దేనికి? ఇంత చిన్న ప్రాణులకి మత్తు ఇవ్వడం కుక్కలకి ఇచ్చినంత తేలిక కాదు. అక్కర్లేని మత్తు ఎందుకిప్పించాలి? పైగా కూకట్‌పల్లి ఫ్లాట్‌లో ఉండేది నువ్వొక్కదానివి. నాలుగైదు గంటలకోసారి రెండు నోళ్లకి సిరంజితో మేత పట్టడం నీ వల్ల కాదు. లడ్డూని వదిలెయ్. ఎప్పుడైనా తప్పక చేయించాల్సి వస్తే రెండు సంగతులు గుర్తుంచుకో. మగ గినీ పిగ్‌లకి గజ్జల్లో పొట్టలోకి ఉండే దారి పెద్దయినా మూసుకోదు. డాక్టరు దాన్ని కుట్టకపోతే పేగు జారుతుంది. గాయం దగ్గర చీముగడ్డ కట్టడం కూడా మగవాటికే ఎక్కువ. ఆపరేషన్ అయ్యాక కూడా నాలుగు నుంచి ఆరు వారాల దాకా ఆడవాటితో కలపకూడదు, లోపల మిగిలిన వీర్యం పనిచేస్తూనే ఉంటుంది.

మధ్యలో జాలీ పెట్టి ఇద్దర్నీ వేరుగానే ఉంచుతున్నావు, మంచిది. అయినా ఒక్క పూట కలిసి తిరిగి ఉన్నా సరే, గర్భం లేదని ఆపరేషన్‌కి ముందు మళ్లీ స్కాన్‌లో చూపించు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇది చాలా పాత తప్పు, ఇప్పటికీ జరుగుతూనే ఉంది. "రేపు ఆపరేషన్, రాత్రి నుంచి ఏమీ పెట్టకండి" అని రిసెప్షన్‌లో అంటారు. కుక్కలకీ పిల్లులకీ ఆ మాట సరైనదే. మత్తులో వాంతి చేసుకుంటే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది కాబట్టి వాటి పొట్ట ఖాళీగా ఉండాలి. గినీ పిగ్ వాంతి చేసుకోలేదు, దాని శరీరం తీరే అంత. దానికి రాత్రంతా పస్తు పెడితే దక్కే లాభం ఏమీ లేదు, జరిగే నష్టం మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. దాని పొట్టలో పెద్దపేగు మొదట్లో సీకమ్ అని ఒక పెద్ద సంచి ఉంటుంది. గడ్డిలోని పీచుని అక్కడి సూక్ష్మజీవులు పులియబెట్టి దానికి బలం చేసి పెడతాయి. పైనుంచి పీచు పడుతూ ఉంటేనే ఆ సంచీ, పేగులూ కదులుతాయి. కొన్ని గంటలు మేత ఆగితే కదలిక మందగిస్తుంది, మంచి సూక్ష్మజీవులు తగ్గి గ్యాసు పుట్టించేవి పెరుగుతాయి, పొట్ట ఉబ్బుతుంది, నొప్పి పుడుతుంది. ఆ నొప్పికి అది ఇంకా తినదు. తినకపోతే ఒంట్లో కొవ్వు కరిగి కాలేయంలో పేరుకుంటుంది, లావుగా ఉన్నవాటికి మరీ త్వరగా. ఆపరేషన్ చక్కగా జరిగి, కుట్లు చక్కగా ఉండి, రెండో రోజునో మూడో రోజునో గినీ పిగ్ పోయిందంటే చాలాసార్లు కారణం ఇదే.

కాబట్టి గడ్డి ఆపొద్దు. ఈ జంతువులు తెలిసిన డాక్టర్లయితే మత్తుకి ముందు ఒకటి రెండు గంటలే మేత తీసేయమంటారు. అదీ దవడల్లో నమిలిన ముద్ద మిగిలి శ్వాసకి అడ్డం పడకుండా ఉండటానికే. "రాత్రి నుంచి పస్తు" అన్నారంటే డాక్టరునే నేరుగా అడుగు, "గినీ పిగ్‌కి కూడానా సార్?" అని. మొహమాటపడకు. సమాధానం తడబడితే వేరే డాక్టరుని చూసుకో. ఎన్ని గినీ పిగ్‌లకి ఈ ఆపరేషన్ చేశారని కూడా అడగొచ్చు, అందులో తప్పేమీ లేదు.

ఈ తప్పుకి రెండో సగం ఇంటికి వచ్చాక జరుగుతుంది. చిక్కీ మూలకి ఒదిగి కూర్చుంటుంది. పాపం అలిసిపోయింది, పడుకోనిద్దాం అనిపిస్తుంది. ఆ జాలి పనికిరాదు. వేటాడే జంతువులకి ఆహారమయ్యే ప్రాణి కాబట్టి నొప్పిని బయటపెట్టదు, ఓర్చుకుని కదలకుండా కూర్చుంటుంది. తెల్లారి నువ్వు చూసేసరికి పొట్ట డప్పులా బిగిసి ఉండొచ్చు. అలా బిగిస్తే సిరంజితో ఏమీ పట్టకు, నూనె, జీలకర్ర నీళ్లు లాంటివేవీ పోయకు, ఆ నిమిషమే ఆసుపత్రికి తీసుకెళ్లు. అందుకని ముందే రాత్రి తెరిచి ఉండే ఆసుపత్రి ఏదో కనుక్కుని నంబరు రాసిపెట్టుకో.

ఆపరేషన్‌కి వారం ముందు నుంచే చిక్కీకి సిరంజి అలవాటు చెయ్యి. పెల్లెట్లు, అదే గుళికల మేత, గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి మెత్తగా చిదిపి, జారుడుగా చేసి రోజూ కొంచెం పట్టు. జబ్బు చేసిన గడ్డిమేత జంతువులకి సిరంజితో పట్టే క్రిటికల్ కేర్ పొడి దొరికితే అది ఇంకా మంచిది, పీచు సరిపడా ఉంటుంది. ఒక మిల్లీలీటరు సిరంజిలైతే కొసలు కత్తిరించి అంచు నున్నగా అరగదియ్యి, లేకపోతే పీచు అడ్డుపడుతుంది. ఒళ్లో తువ్వాలు చుట్టి నిటారుగా కూర్చోబెట్టు, ఎప్పుడూ వెల్లకిలా పడుకోబెట్టకు. ముందు పళ్లకీ వెనక దవడ పళ్లకీ మధ్య ఖాళీ ఉంటుంది చూడు, పక్కనుంచి అక్కడ సిరంజి పెట్టు. అర మిల్లీలీటరు, ఎక్కువలో ఎక్కువ ఒక మిల్లీలీటరు వదిలి, అది నమిలి మింగేదాకా ఆగు. తొందరపడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మత్తు పూర్తిగా దిగి, తల నిలబెట్టి, మింగగలుగుతున్నప్పుడే మొదలుపెట్టాలి.

ఇంటికి వచ్చిన రెండు మూడు గంటల్లో తనంతట తాను గడ్డి ముట్టుకోకపోతే సిరంజి మొదలు. చిక్కీ తొమ్మిది వందల గ్రాములు ఉందన్నావు కదా, అస్సలు తినకపోతే దానికి రోజుకి 45 నుంచి 70 మిల్లీలీటర్ల దాకా కావాలి. అది ఐదారు విడతలుగా, రాత్రి కూడా. తనే తినడం మొదలెడితే తగ్గించుకుంటూ రా. ముందర గరిక, కొత్తిమీర, దోసకాయ ముక్క పెట్టు, ఇష్టమైన వాసన తగిలితే నోరు కదుపుతుంది. గరిక మందులు కొట్టని చోటునుంచి తెచ్చి కడిగి ఆరబెట్టు. పాలకూర, గోంగూర వద్దు.

వంటింటి డిజిటల్ కాటా ఉంటే రోజూ ఉదయం ఒకే వేళకి తూచి గ్రాముల్లో రాయి. ఆపరేషన్‌కి ముందు మూడు రోజుల బరువు రాసిపెట్టుకుంటే పోల్చుకోవడానికి పనికొస్తుంది. పాతిక ముప్ఫై గ్రాములు తగ్గడం మామూలే. యాభై తగ్గితే సిరంజి పెంచి డాక్టరుకి చెప్పు. తొంభై తగ్గితే, అంటే పదో వంతు, ఆసుపత్రికే. రెట్టలు కూడా చూడు. ముందు చిన్నవిగా, ఎండిపోయి వస్తాయి, తర్వాత మామూలవుతాయి. పన్నెండు గంటలు దాటినా ఒక్కటీ రాకపోతే ఫోన్ చెయ్యి. అందుకే బోనులో తెల్లటి తువ్వాళ్లు పరవాలి. రెట్టలూ, మూత్రమూ, రక్తమూ అన్నీ కనపడతాయి. చెక్కపొట్టు, రంపంపొట్టు పది రోజుల దాకా ముట్టుకోకు, గాయానికి అంటుకుంటాయి. తువ్వాళ్లు రోజుకి రెండుసార్లు మార్చు. మెట్లూ, వాలు పలకలూ తీసేసి అంతా నేల మీదే పెట్టు.

నొప్పి మందు డాక్టరు ఎన్ని రోజులు రాస్తే అన్ని రోజులూ వెయ్యి. రెండో రోజు హుషారుగా ఉందని ఆపేస్తారు చాలామంది, ఆ హుషారు మందు వల్లే వచ్చింది. మెలాక్సికామ్ సిరప్ ఒక్కో సీసా ఒక్కో గాఢతలో ఉంటుంది కాబట్టి మోతాదు మిల్లీగ్రాముల్లో కాదు, ఈ సీసాలోంచి ఎన్ని మిల్లీలీటర్లో రాయించుకో. పళ్లు కొరకడం, వెన్ను గూనిలా వంచడం, వెంట్రుకలు నిక్కబొడవడం, కళ్లు సగం మూయడం కనిపిస్తే నొప్పి మందు చాలడం లేదని అర్థం.

ఇంకొకటి చాలా గట్టిగా చెప్తున్నాను. అమోక్సిసిలిన్, ఆంపిసిలిన్, పెన్సిలిన్, క్లిండమైసిన్, ఎరిత్రోమైసిన్ వీటిలో ఏదీ నోటిద్వారా చిక్కీకి వెయ్యకూడదు. సీకమ్‌లోని మంచి సూక్ష్మజీవుల్ని చంపేస్తాయి, విషం పుట్టించేవి వాటి చోటు ఆక్రమిస్తాయి, విరేచనాలు మొదలై కొద్ది రోజుల్లోనే ప్రాణం పోతుంది. మనుషులకీ కుక్కలకీ రోజూ రాసే మందులివి, అందుకే చేతికి అలవాటుగా వచ్చేస్తాయి. చీటీ చేతికివ్వగానే పేర్లు చదువు. ఎన్‌రోఫ్లాక్సాసిన్‌గానీ ట్రైమెథోప్రిమ్-సల్ఫా గానీ అయితే ఫరవాలేదు. డాక్టరు అందుబాటులో లేడని మెడికల్ షాపులో అడిగి ఏదో తెచ్చి వెయ్యకు.

గాయం రోజుకి రెండుసార్లు వెలుతురులో చూడు. అంచు కొంచెం ఎర్రగా, గట్టిగా ఉండటం సహజం. చీము, వాసన, వేడి, రోజురోజుకీ పెరిగే గడ్డ మాత్రం కాదు. పసుపు పూయకు. అమ్మమ్మ మాట గుర్తొచ్చి చెయ్యి ఆగదని తెలుసు, అయినా పూయకు. కొబ్బరినూనె, డెట్టాల్, ఏ ఆయింట్‌మెంటూ వద్దు, నాకేస్తుంది. గాయం నాకకుండా మెడకి కట్టే కోను కూడా వద్దు. గినీ పిగ్ తన మెత్తటి రెట్టల్ని తానే ఒంగి తింటుంది, వాటిలోని పోషకాలు దానికి కావాలి, కోను ఉంటే నోరు అందదు. కుట్లు కొరుకుతుంటే అది నొప్పి కావచ్చు, కుట్టు బిగుతు కావచ్చు, డాక్టరుకి చూపించు.

విటమిన్ సి మరవకు. మనలాగే దీని ఒంట్లోనూ అది తయారవదు, అది లేకపోతే గాయం అతుక్కోదు. 1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిచ్ అనే ఇద్దరు గినీ పిగ్‌లకి ఉత్త ధాన్యం పెట్టి చూస్తే నావికులకి వచ్చే స్కర్వీ వాటికీ వచ్చింది. ఆ జబ్బుకి తిండే కారణమని అలా తేలింది. గాయం మానేదాకా విటమిన్ సి రోజుకి 30 నుంచి 50 మిల్లీగ్రాములు. పిల్లల చుక్కల మందు మిల్లీలీటరుకి 100 మిల్లీగ్రాములదైతే 0.3 నుంచి 0.5 మిల్లీలీటర్లు. ఎ, డి విటమిన్లు కలిసినది కొనకు. నీళ్ల సీసాలో కలపకు, గంటల్లో చెడిపోతుంది. రోజూ నాలుగు ముక్కలు క్యాప్సికమ్ కూడా పెట్టు.

మత్తు దిగేటప్పుడు ఒళ్లు చల్లబడుతుంది. వేడినీళ్ల సీసా తువ్వాలులో చుట్టి బోనులో ఒక పక్కనే పెట్టు, వేడెక్కువైతే అటు జరగడానికి చోటుండాలి. ఏసీ గాలి సూటిగా తగలనివ్వకు, గది 20 నుంచి 24 డిగ్రీల మధ్య చాలు. ఆండీస్ కొండల చలిలో పుట్టిన జాతి ఇది, మన ఏప్రిల్ ఎండకి తట్టుకోలేదు. డాక్టరు తొందరేమీ లేదంటే వేసవి దాటాక చేయించు.

లడ్డూ కనపడేలా జాలీ అవతలే ఉండనీ, తోడు వాసన తగిలితే చిక్కీ త్వరగా తింటుంది. ఇద్దర్నీ కలపడం మాత్రం కుట్లు చూపించుకుని, రెండు మూడు వారాలు గడిచాకే. లేకపోతే వాడు ఎక్కి గాయం రేపుతాడు.

ఆఫీసులో కనీసం మూడు రోజులు సెలవు పెట్టు. శుక్రవారం ఆపరేషన్ వద్దు, శని ఆదివారాల్లో డాక్టర్లు దొరకరు. మంగళవారమో బుధవారమో అడుగు. తేదీ ఖాయం కాగానే నాకు చెప్పు. మొదటి రెండు రాత్రులూ రెండు గంటలప్పటి మేతకి నేను ఫోన్ చేసి లేపుతాను, నువ్వు అలారం కట్టేసి మళ్లీ పడుకునే మనిషివి. ఉదయం తూచగానే బరువెంతో నాకు మెసేజ్ పెట్టు.

ఇట్లు
మీ అత్తయ్య