నర్సింగ్ చదివే చెల్లికీ, ఎంబీబీఎస్ చదివే అక్కకూ ఒకే పాథోఫిజియాలజీ పుస్తకం సరిపోతుందా?

బీఎస్సీ నర్సింగ్ మూడో సెమిస్టర్ చదువుతున్న మీరు, ఎంబీబీఎస్ రెండో ఏడాదిలో ఉన్న మీ అక్కతో కలిసి మెకాన్స్, హ్యూథర్‌ల పాథోఫిజియాలజీ (జబ్బు వల్ల శరీరం పనితీరు ఎలా మారుతుందో చెప్పే శాస్త్రం) పుస్తకం కొనాలనుకుంటున్నారని, 2014 నాటి ఏడో ఎడిషన్‌ను ఒక సీనియర్ తక్కువ ధరకు ఇస్తానంటున్నారని, అది ఇద్దరికీ పనికొస్తుందా అని అడిగారు. మీకు పనికొస్తుంది. మీ అక్కకు తోడుగా ఉపయోగపడుతుంది గానీ, ఆమె పాథాలజీ పుస్తకం స్థానంలో మాత్రం నిలవదు. మెడికల్ ఐసీయూలో స్టాఫ్ నర్సుగా పనిచేసినప్పుడూ, తరువాత నర్సింగ్ కళాశాలలో ట్యూటర్‌గా చేరినప్పుడూ ఈ పుస్తకాన్ని వాడాను కనుక, ఏ కారణాల మీద అలా అంటున్నానో వివరంగా రాస్తున్నాను.

ఇంత పెద్ద పుస్తకాన్ని విషయసూచిక చూసి అంచనా వేయలేము, ఎందుకంటే ఈ తరహా పుస్తకాలన్నింటిలోనూ అధ్యాయాల పేర్లు దాదాపు ఒకేలా ఉంటాయి. వార్డులో మీరు స్వయంగా చూసిన ఒక జబ్బును ఎంచుకుని, దాని గురించి రాసిన పుటలను మొదటి నుంచి చివరి దాకా చదవడమే నాకు నమ్మకమైన పద్ధతి. నేను సాధారణంగా మధుమేహ రోగుల్లో వచ్చే డయాబెటిక్ కీటోఅసిడోసిస్‌ను తీసుకుంటాను. ఇన్సులిన్ లేకపోవడం వల్ల కొవ్వు కరిగి కీటోన్లు పెరుగుతాయని, రక్తం ఆమ్లంగా మారడం వల్ల రోగి లోతుగా, వేగంగా శ్వాసిస్తాడని ప్రతి పుస్తకమూ చెబుతుంది. అసలు పరీక్ష పొటాషియం దగ్గర వస్తుంది. మూత్రం ద్వారా శరీరంలోని పొటాషియం పెద్ద మొత్తంలో పోతున్నా, ఇన్సులిన్ లోపం, రక్తంలో పెరిగిన గాఢత, ఆమ్లత్వం కలిసి కణాల్లోని పొటాషియాన్ని బయటికి తెస్తాయి కాబట్టి ల్యాబ్ రిపోర్టులో అది మామూలుగానో, కొంచెం ఎక్కువగానో కనబడుతుంది. ఇన్సులిన్ ఎక్కించడం మొదలుపెట్టగానే అదంతా తిరిగి కణాల్లోకి వెళ్లి, రక్తంలో పొటాషియం ఒక్కసారిగా పడిపోయి, గుండె లయ తప్పే ప్రమాదం ఏర్పడుతుంది. ఇన్సులిన్‌కు ముందు పొటాషియం ఎందుకు చూడాలో, ఇన్సులిన్ ఎక్కుతున్నంతసేపూ రక్తాన్ని మళ్లీ మళ్లీ పరీక్షకు ఎందుకు పంపాలో చదువరికి తనంతట తానే అర్థమయ్యేలా ఈ క్రమాన్ని చెప్పిన పుస్తకం మంచిది. కారణాలను ఒక పెట్టెలో, లక్షణాలను మరో పెట్టెలో వేసి, మధ్యలో ఏం జరిగిందో వదిలేసిన పుస్తకం పరీక్షకు ముందు రోజు రాత్రి మాత్రమే పనికొస్తుంది.

ఆ పరీక్షలో మెకాన్స్, హ్యూథర్‌ల పుస్తకం బాగానే నిలబడుతుంది. మొదటి భాగంలో కణం, జన్యువులు, ద్రవాలు-లవణాలు, ఆమ్ల-క్షార సమతుల్యత, వాపు ప్రక్రియ, రోగనిరోధక శక్తి, క్యాన్సర్ వంటి మూల విషయాలు ఉంటాయి. రెండో భాగం ఒక్కో అవయవ వ్యవస్థ వారీగా సాగుతుంది. వ్యవస్థ సాధారణంగా ఎలా పనిచేస్తుందో ముందు ఒక అధ్యాయంలో చెప్పి, ఆ తరువాతే జబ్బులోకి వెళ్లడం ఫిజియాలజీ మరచిపోయిన వారికి ఎంతో మేలు. పిల్లల జబ్బులకు విడిగా అధ్యాయాలు ఉండడం నర్సింగ్ విద్యార్థులకు మరో లాభం, ఎందుకంటే పీడియాట్రిక్స్ పోస్టింగుకు వెళ్లినప్పుడు అదే పుస్తకం మళ్లీ తెరవవచ్చు. దీని లోపం మొదటి భాగంలోనే ఉంది. కణజీవశాస్త్రం, జన్యుశాస్త్రం అధ్యాయాలు మూడో సెమిస్టర్ స్థాయికి మించి బరువుగా ఉంటాయి, మొదటి పుట నుంచి వరుసగా చదవబోయిన విద్యార్థులు చాలామంది అక్కడే పుస్తకం మూసేయడం చూశాను. మీరు ద్రవాలు-లవణాలు, వాపు ప్రక్రియ అధ్యాయాలతో మొదలుపెట్టి, జన్యుశాస్త్రాన్ని నాలుగో సెమిస్టర్‌లో అది సిలబస్‌లోకి వచ్చినప్పుడు చూసుకోండి.

మీ అక్క విషయం వేరు. ఎంబీబీఎస్ పాథాలజీలో అవయవం కంటికి ఎలా కనబడుతుందో, సూక్ష్మదర్శిని కింద కణజాలం ఎలా ఉంటుందో రాయాలి, స్లైడు చూసి గుర్తుపట్టాలి. ఎంబీబీఎస్ విద్యార్థులు చదివే రాబిన్స్ పాథాలజీ పుస్తకంలో ప్రతి ముఖ్యమైన జబ్బుకూ ఈ రూపవర్ణన విడిగా ఉంటుంది. పాథోఫిజియాలజీ పుస్తకం దాన్ని క్లుప్తంగా తాకి, రోగిలో కనబడే మార్పుల వైపు వెళ్లిపోతుంది. సిరోసిస్ (కాలేయం గట్టిపడే జబ్బు) అధ్యాయం చదివితే పొట్టలో నీరు ఎందుకు చేరుతుందో ఆమెకు చక్కగా అర్థమవుతుంది, కానీ కాలేయపు స్లైడు ముందు పెడితే ఆ చదువు ఆదుకోదు. అయితే షాక్, ఆమ్ల-క్షార సమతుల్యత వంటి అంశాలను ఆమె ఇందులో చదవడం దండగేమీ కాదు, మెడిసిన్ పోస్టింగుల్లో అది అక్కరకు వస్తుంది.

ఇక ఎడిషన్ సంగతి. వ్యాధి ప్రక్రియలు పదేళ్లలో తలకిందులు కావు గానీ, నిర్వచనాలూ హద్దులూ మారుతుంటాయి. 1992 నుంచి ఇన్ఫెక్షన్‌తో పాటు జ్వరం, నాడి, శ్వాస, తెల్ల రక్తకణాల సంఖ్య, వీటిలో రెండు మారితే సెప్సిస్ అనేవారు. 2016లో దాన్ని మార్చి, ఇన్ఫెక్షన్‌కు శరీరం అదుపు తప్పి స్పందించి అవయవాలు దెబ్బతినడాన్నే సెప్సిస్ అన్నారు. తగినన్ని ద్రవాలు ఎక్కించాక కూడా సగటు రక్తపోటు 65 దగ్గర నిలపడానికి వాసోప్రెసర్ (రక్తపోటు పెంచే మందు) అవసరమై, రక్తంలో లాక్టేట్ లీటరుకు 2 మిల్లీమోల్స్ దాటి ఉంటే అది సెప్టిక్ షాక్. 2014 నాటి పుస్తకంలో ఈ మార్పు ఉండే అవకాశమే లేదు. 2017లో అమెరికాలో రక్తపోటు హద్దును 130/80కి తగ్గించిన సంగతీ అంతే, అయితే మన దగ్గర చాలా చోట్ల ఇంకా 140/90నే హద్దుగా తీసుకుంటారు కాబట్టి దానితో పెద్ద ఇబ్బంది లేదు. పాత ఎడిషన్ కొన్నా ఈ రెండు చోట్ల పెన్సిల్‌తో సరిదిద్దుకుంటే నడుస్తుంది. దానితో పాటు వచ్చే ఆన్‌లైన్ కోడ్‌ను మొదటి యజమాని వాడేసి ఉంటారు, దానికి విలువ కట్టకండి.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది మరో లోటు, కొత్త ఎడిషన్ కొన్నా అది తీరదు. ఇది అమెరికా విద్యార్థుల కోసం రాసిన పుస్తకం. రక్తపింజరి కాటు వల్ల గడ్డకట్టే కారకాలు ఖర్చయిపోయి రక్తస్రావం, ఆపై కిడ్నీల వైఫల్యం రావడం మన జిల్లా ఆసుపత్రుల్లో పనిచేసే ప్రతి నర్సూ చూసే దృశ్యం. గాజు పరీక్షనాళికలో రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, గడ్డకట్టిందా లేదా అని చూసేది అందుకే. అక్కడి పుస్తకాల్లో దీనికి సహజంగానే చోటు తక్కువ. రుమాటిక్ జ్వరం వల్ల మైట్రల్ కవాటం బిగుసుకుపోయి, ఆ సంగతి గర్భం దాల్చాకే బయటపడిన యువతులు, బోదకాలు రోగులు, మధుమేహం, రక్తపోటు లేకుండానే కిడ్నీలు దెబ్బతిన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం రైతులు, వీరందరి విషయమూ అంతే. బరువు హద్దులు కూడా అక్కడివే ఉంటాయి: వారికి బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూపే సూచిక) 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం, భారతీయులకు ఆ హద్దులు 23, 25. వీటి కోసం హర్ష్ మోహన్ పాథాలజీ లాంటి భారతీయ పుస్తకాన్ని లైబ్రరీలో పక్కన పెట్టుకుని చదవండి, కొనవలసిన పని లేదు.

సీనియర్ అడిగే ధర కొత్తదానిలో మూడో వంతు లోపు ఉండి, అట్ట ఊడకుండా, పుటలన్నీ ఉంటే తీసుకోండి. ముఖ్యంగా వెనుక ఉన్న ఇండెక్స్ చిరగకుండా ఉందో లేదో చూడండి, ఎందుకంటే పోస్టింగ్ నుంచి వచ్చి ఒక జబ్బును వెతుక్కునేవారికి అదే దారి. మీ అక్క వాటా డబ్బు మాత్రం రాబిన్స్ కోసం విడిగా ఉంచమని చెప్పండి.