లక్ ఆఫ్ ద సీ 3 ఉన్నా నేమ్ ట్యాగ్ ఎందుకు పడట్లేదు?

ప్రశ్న: అన్నా, మేం ఫ్రెండ్స్ అందరం మైన్‌క్రాఫ్ట్ గేమ్‌ని జావా (కంప్యూటర్ ఎడిషన్) సర్వర్‌లో ఆడతాం. నా గాలం రాడ్‌కి లక్ ఆఫ్ ద సీ 3 (మంచి వస్తువులు ఎక్కువ పడేలా చేసే మంత్రం), ల్యూర్ 3 (తొందరగా పడేలా చేసే మంత్రం) రెండూ ఉన్నాయి. ఇంట్లోనే చిన్న గుంట తవ్వి, నీళ్లు పోసి గాలం వేస్తుంటే కాడ్, సాల్మన్, తోలు బూట్లు ఇవే వస్తున్నాయి, నేమ్ ట్యాగ్ (జంతువులకు పేరు పెట్టే చీటీ) ఒక్కటీ పడలేదు. ల్యూర్ ఉంటే ట్రెజర్ (నేమ్ ట్యాగ్ లాంటి విలువైన వస్తువులు) తగ్గుతుందని మావాడొకడు అంటున్నాడు, ల్యూర్ లేని రాడ్ చేసుకోమంటారా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: తమ్ముడూ, ఆ రాడ్ జోలికి మాత్రం పోకు, చాలా మంచి రాడ్ అది. తేడా అంతా గుంటలోనే ఉంది. 2020లో వచ్చిన 1.16 నుంచి జావాలో ట్రెజర్ పడాలంటే నీళ్లు ఓపెన్‌గా ఉండాలి, అంటే బాబర్ (గాలం చివర తేలే బెండు) పడిన బ్లాక్‌కి నాలుగు వైపులా రెండేసి బ్లాకుల దాకా, 2 బ్లాకుల లోతున మొత్తం నీళ్లే ఉండాలి, పైన 2 బ్లాకులు ఖాళీగా ఉండాలి (తామరాకులుంటే పర్లేదు). మధ్యలో ఒక్క రాయి అడ్డొచ్చినా ట్రెజర్ ఛాన్స్ సున్నా, లక్ 3 ఉన్నా సున్నానే. 5 బై 5 గుంట తవ్వితే సరిగ్గా నడిమి బ్లాక్‌లో పడ్డప్పుడే లెక్కలోకి వస్తుంది, అందుకే 9 బై 9 తవ్వుకో, లేదా హాయిగా సముద్రం దగ్గరికి పో. ఇంటి కప్పు కింద ఇంకో నష్టం కూడా ఉంది, పైన ఆకాశం కనిపించకపోతే చేప రావడానికి దాదాపు రెట్టింపు టైమ్ పడుతుంది. వాన పడుతుంటే మాత్రం తొందరగా వస్తుంది.

ఇక రాడ్ సంగతి. ఏ ఎన్‌చాంట్‌మెంటూ (లక్, ల్యూర్ లాంటి మంత్రం) లేని రాడ్‌కి ట్రెజర్ 5 శాతం, చెత్త (తోలు బూట్ల లాంటివి) 10 శాతం, మిగతా అంతా చేపలు. లక్ 3తో ట్రెజర్ 11.3 శాతానికి పెరుగుతుంది, చెత్త 4 శాతం దగ్గరికి పడిపోతుంది, చేపల వాటా మాత్రం అంతే ఉంటుంది. ట్రెజర్‌లో బో, రాడ్, సాడిల్, నేమ్ ట్యాగ్, నాటిలస్ షెల్, ఎన్‌చాంటెడ్ బుక్ ఆరింటికీ సమాన వాటా కాబట్టి మామూలు రాడ్‌తో నేమ్ ట్యాగ్ 120కి ఒకటి, నీ రాడ్‌తో 53కి ఒకటి. అలాగని 53 సార్లు లాగితే తప్పకుండా వస్తుందనుకోకు, ప్రతి క్యాచ్ దేనికదే, 53 లాగినా మూడో వంతు మందికి పైగా ఖాళీ చేతులే.

మీవాడి మాట పాత వెర్షన్లలో నిజమే, 1.9 రాకముందు ల్యూర్ ఒక్కో లెవెల్‌కీ ట్రెజర్ 1 శాతం తగ్గేది. ఇప్పుడది లేదు, ల్యూర్ టైమ్‌నే తగ్గిస్తుంది, లెవెల్‌కి 5 సెకన్లు. 30 సెకన్ల దాకా చూడాల్సింది ల్యూర్ 3తో 15 లోపే అయిపోతుంది, అంటే గంటలో పడేవి దాదాపు రెట్టింపు. లక్ వల్ల రెండింతలకు పైన, ల్యూర్ వల్ల ఇంకో రెండింతలు, మొత్తం మీద గంటకి నాలుగు రెట్ల పైనే ట్రెజర్, అందుకే తీసేయొద్దంటున్నా.

మీ సర్వర్ వాళ్లు ఫిషింగ్ ప్లగిన్ (ఆట రూల్స్ మార్చే అదనపు ప్రోగ్రామ్) ఏదైనా పెట్టి ఉంటే ఈ అంకెలు మారిపోతాయి, అడ్మిన్‌ని ఒకసారి అడుగు.

ప్రశ్న: రాడ్ ఊరికే విరిగిపోతోందండీ, ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: రాడ్‌కి మెండింగ్ (రిపేర్ చేసే ఎన్‌చాంట్‌మెంట్) వేయండి. జావాలో రాడ్ 64 క్యాచ్‌లకే అయిపోతుంది, కానీ ప్రతి క్యాచ్‌కీ 1 నుంచి 6 దాకా ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు) వస్తుంది, ఒక్కో ఎక్స్‌పీకి రెండు పాయింట్లు రిపేర్ అవుతుంది కాబట్టి ఇక విరగదు. ఆ మెండింగ్ బుక్ కూడా గాలానికే పడొచ్చు, దొరికిందాకా అన్‌బ్రేకింగ్ (రాడ్ నెమ్మదిగా అరిగేలా చేసే ఎన్‌చాంట్‌మెంట్)తో నెట్టుకురండి.