ఒంటికి ఆపుకోవడం మానండి, మిగతావి తర్వాత

“చిన్నపిల్లల నుంచి ముసలివాళ్ల దాకా ఆడవాళ్లు ఆరోగ్యంగా ఉండాలంటే రోజూ ఏ అలవాట్లు పాటించాలి?” అని అడిగారు. నడక, ఆకుకూరలు, జొన్నరొట్టె, టైముకు నిద్ర, ఇవన్నీ అందరూ చెప్పేవే. చేయండి. నేను మాత్రం ఒక్కదాని గురించే రాస్తాను, ఎందుకంటే దాని గురించి మన ఇళ్లలో ఎవరూ నోరు తెరవరు. సరిపడా నీళ్లు తాగండి, ఒంటికి వస్తే, అంటే మూత్రం వస్తే, ఆపుకోకండి. బడికి పోయే పిల్లకైనా, మనవళ్లున్న అవ్వకైనా నేను చెప్పే మొదటి అలవాటు ఇదే.

మాది మునుగోడు వైపు పల్లె. అన్నావాళ్లు అక్కడే ఉంటారు, నేను పెళ్లయ్యాక నల్లగొండ వచ్చాను. ఒక ఏడు పత్తి ఏరే రోజుల్లో, దీపావళి దాటాక, మా వదినకు జ్వరం పట్టుకుంది. పళ్లు కొట్టుకునేంత చలి, రెండు దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదట. ఊళ్లో వైద్యం చేసే ఆయన వచ్చి మలేరియా అయ్యుంటుందని ఒక సూది వేసి, గ్లూకోజు ఎక్కించి పోయాడు. తెల్లారికి తగ్గినట్టే తగ్గి రాత్రికి మళ్లీ అందుకుంది. మా దగ్గర ఏ జ్వరానికైనా గ్లూకోజు బాటిలే. అది ఎక్కితేనే వైద్యం జరిగినట్టు అనుకుంటారు. రక్తం, మూత్రం పరీక్ష చేయించాలన్న ఆలోచనే రాదు. నడుం పక్కన ఒకవైపు చెయ్యి పెట్టనివ్వడం లేదని, వాంతులు కూడా అవుతున్నాయని అన్న ఫోన్ చేస్తే, వెంటనే బండి మాట్లాడుకుని నల్లగొండ తీసుకురమ్మన్నాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మూత్రం పరీక్ష చేయించింది. కింద మొదలైన ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా పోయిందని చెప్పింది. మంచం పక్కన నిలబడి, “పొద్దున లేచినప్పటి నుంచి ఎన్ని నీళ్లు తాగుతవమ్మా?” అని అడిగింది. వదిన ఒకసారి నా ముఖం చూసి, మెల్లగా చెప్పింది.

“చాయ్ తాగి పోతా మేడమ్. చేన్ల నీళ్లు తాగ. తాగితే ఒంటికి పోవాల్సొస్తది. ఏడికి పోవాలె?”

“మరి ఎప్పుడు పోతవ్?”

“మబ్బుల లేచినప్పుడు పోత. మల్ల ఇంటికొచ్చినంక.”

డాక్టరమ్మకు ఏమీ కొత్తగా అనిపించలేదు. పత్తి సీజన్లో ఇలాంటివాళ్లు వస్తూనే ఉంటారంది. నాకు మాత్రం కడుపు మండింది. 2014లో స్వచ్ఛ భారత్ మొదలైనప్పటి నుంచి ఊరూరా మరుగుదొడ్లు కట్టారు, మా అన్న ఇంట్లోనూ ఉంది. కానీ కూలికి పోయే ఆడది పగలంతా ఇంట్లో ఉండదు కదా! ఆమె ఉండేది చేనులో. అక్కడ ఏముంది?

నన్నడిగితే ఇందులో పత్తి తప్పు కూడా ఉంది. మా చిన్నప్పుడు జొన్నచేలు మనిషిని మించి పెరిగేవి. గట్ల మీద తంగెడు పొదలుండేవి, కంచెలుండేవి. ఆడవాళ్లకు చాటు దొరికేది. ఇప్పుడు ఎటు చూసినా పత్తే. కూర్చుంటే తప్ప మనిషి దాగదు, కూర్చున్నా పక్క సాలులో ఎవరో ఒకరుంటారు. గట్టు మీద మేస్త్రీ, బండ్లు, ట్రాక్టరు వాళ్లు. పైగా కూలి కిలోల లెక్కన. చాటు వెతుక్కుంటూ పోయి వచ్చేసరికి ఏరే పత్తి తగ్గుతుంది, డబ్బులు తగ్గుతాయి. అందుకే నీళ్లు మానేస్తారు. తెచ్చుకున్న బాటిల్ నిండుగానే ఇంటికి తిరిగి పోతుంది.

మా నల్లగొండ వాళ్లకు నీళ్లంటే ఇంకో భయం కూడా ఉంది. మర్రిగూడ, చండూరు, మునుగోడు పల్లెల్లో బోరు నీళ్లు తాగి నడుములు వంగినవాళ్లను, కాళ్లు వంకరపోయినవాళ్లను చూస్తూ పెరిగాం. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మా బోర్లలో అంతకు మించి ఉండేది. అందుకని నీళ్లు ఎంత తక్కువ తాగితే అంత మంచిదని నమ్మే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది పెద్ద పొరపాటు. బోరు నీళ్లు మానండి, మిషన్ భగీరథ నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లు తాగండి. బోరు నీళ్లు మరిగించి తాగుతున్నామంటారు కొందరు. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

వదిన కోలుకుంది. మందులు సగంలో ఆపకుండా చివరి మాత్ర దాకా మింగించాను. కాస్త మంట తగ్గగానే ఆపేసి, మళ్లీ వస్తే మెడికల్ షాపులో అవే రెండు మాత్రలు కొనుక్కునే వాళ్లను చాలామందిని చూశాను, ఆ తర్వాత ఆ మందులు పనిచేయడం మానేస్తాయి. బార్లీ నీళ్లు తాగండి, తప్పు లేదు, కానీ బార్లీతో ఇన్ఫెక్షన్ పోదు. వదిన మళ్లీ చేనుకు పోయేటప్పుడు వాళ్ల ముఠా ఆడవాళ్లతో నేనే మాట్లాడాను. నాలుగు కట్టెలు, ఒక పాత చీర, ఒక చెంబు. చేను మూలన కట్టెలు పాతి చీర చుట్టేస్తారు, సాయంత్రం విప్పి మూట కట్టుకుంటారు. ఇంకో చేనుకు పోతే అక్కడ పాతుతారు. ఖర్చు ఏమీ లేదు. మేస్త్రీ మొదట గొణిగాడు. ముఠాలో పెద్దామె, “గా చాటు లేకుంటే మేం రాం” అన్నది, అంతే. పత్తి, మిర్చి, నాట్లు, ఏ పనికి పోయే ముఠా అయినా ఇది చేసుకోవచ్చు.

ఆడవాళ్లకే ఈ బాధ ఎక్కువ ఎందుకంటే మన మూత్రనాళం చాలా చిన్నది, 4 సెంటీమీటర్లు ఉంటుందేమో. మలద్వారం పక్కనే ఉంటుంది. అక్కడి క్రిములు లోపలికి పోవడం తేలిక. ఎప్పటికప్పుడు పోతుంటే మూత్రంతోపాటు కొట్టుకుపోతాయి, ఆపుకుంటే లోపలే పెరుగుతాయి. కడుక్కునేటప్పుడు ముందు నుంచి వెనక్కే కడుక్కోవాలి. ఆడపిల్లలకు చిన్నప్పుడే నేర్పండి. రోజుకు రెండు లీటర్ల దాకా నీళ్లు తాగాలి, ఎండలో పనిచేస్తే ఇంకా ఎక్కువ. మూత్రం లేత పసుపులో ఉంటే చాలు, ముదురు రంగులో వస్తే నీళ్లు సరిపోవడం లేదన్నట్టే. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరు చెప్పిన కొలతే పాటించాలి. నిలబడి నీళ్లు తాగితే మోకాళ్లు అరిగిపోతాయని వాట్సాప్‌లో వచ్చే వీడియోలను పట్టించుకోకండి. నిలబడి తాగండి, కూర్చుని తాగండి, తాగండి. ఒక్కపొద్దు ఉన్న రోజు నీళ్లు కూడా ముట్టని అక్కలకూ ఇదే మాట. అన్నం మానండి, నీళ్లు మానకండి. ఏ దేవుడూ కోప్పడడు.

గర్భిణులు అసలే ఊరుకోకూడదు. మంట లేకపోయినా లోపల ఇన్ఫెక్షన్ ఉండొచ్చు, నెలలు నిండకుండానే నొప్పులు రావచ్చు. చెకప్‌కు పోయినప్పుడల్లా మూత్రం పరీక్ష అడిగి చేయించుకోండి.

ప్రయాణాల సంగతి చెప్పాలంటే నాకు కోపమే. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బులు లేవు, చాలా సంతోషం. దేవరకొండ నుంచి, అచ్చంపేట నుంచి ఆడవాళ్లు ఇప్పుడు ధైర్యంగా ఒంటరిగా బయలుదేరుతున్నారు. కానీ బస్టాండ్లలో దిగితే మూత్రశాల దగ్గర ముక్కు మూసుకోవాలి, చిల్లర అడుగుతారు, లోపల నీళ్లుండవు. దాంతో పొద్దున బయలుదేరే ముందే నీళ్లు మానేస్తారు. ఇంటి కారులో పోయినా అంతే. మగవాళ్లు ఎక్కడ కావాలంటే అక్కడ బండి ఆపుకుని దిగుతారు, వెనక సీట్లో అత్తమ్మ, కోడలు నోరు విప్పరు. పెట్రోల్ బంకు కనబడితే ఆపమని అడగండి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

పెద్దవయసు వాళ్లు రాత్రి లేవాల్సి వస్తుందని పొద్దుగూకాక గొంతు తడుపుకోరు. బాత్రూం దారిలో ఒక చిన్న లైటు పెట్టండి, పట్టుకోవడానికి గోడకు ఒక కడ్డీ బిగించండి, భయం సగం పోతుంది. ఉన్నట్టుండి అవ్వ తిక్కతిక్కగా మాట్లాడుతుంటే గాలి సోకిందని తాయెత్తు కట్టించకండి. ఆ వయసులో మూత్రం ఇన్ఫెక్షన్ చాలాసార్లు అలాగే బయటపడుతుంది, జ్వరం కూడా ఉండకపోవచ్చు. దగ్గితే, తుమ్మితే చుక్కలు పడుతున్నాయని బయటికి రావడం మానేసిన అమ్మలకు ఒకటి చెప్తాను. కాన్పులైనవాళ్లలో అది మామూలే, తగ్గుతుంది కూడా. మూత్రం ఆపినట్టుగా కింది కండరాలను బిగించి, ఐదు అంకెలు లెక్కపెట్టి వదలండి. పదిసార్లు, రోజుకు మూడు పూటలు. వంట చేస్తూ చేసుకోవచ్చు. కొన్ని నెలలు ఓపిక పట్టాలి.

ఇక బడి పిల్లలు. సాయంత్రం ఇంటికి రాగానే బ్యాగు విసిరేసి బాత్రూంలోకి పరుగెత్తే ఆడపిల్ల మీ ఇంట్లో ఉంటే, ఆ పిల్ల పగలంతా ఆపుకున్నట్టే. నెలసరి రోజుల్లో ఇంకా కష్టం. నాలుగు నుంచి ఆరు గంటలకు ఒకసారి ప్యాడ్ మార్చుకోవాలి, మార్చుకునే చోటే లేకపోతే పొద్దున పెట్టుకున్నదే సాయంత్రం దాకా ఉంటుంది, లేదంటే బడే మానేస్తుంది. పేరెంట్స్ మీటింగుకు పోయినప్పుడు మార్కుల గురించి ఎంతసేపైనా అడుగుతాం కదా! ఈసారి తల్లులు ముందు ఆడపిల్లల బాత్రూంలోకి పోయి చూడండి. తలుపుకు గడియ ఉందా, నల్లా తిప్పితే నీళ్లు వస్తున్నాయా, ప్యాడ్ వేయడానికి డబ్బా ఉందా. లేకపోతే నలుగురు తల్లులు కలిసి అక్కడే హెడ్‌మాస్టర్‌ను పిలిచి చూపించండి.