మొదటి ఆల్బం వేస్తున్న అమ్మాయికి

చెన్నై

అమ్మా,

నువ్వు పంపిన పద్నాలుగు పాటలూ విన్నాను. ఫోన్లో పాడినవే అయినా గొంతు తెలుస్తోంది, ఆ గొంతు ఏ ఊరిదో తెలుస్తోంది. వచ్చే నెలకే వడపళనిలో స్టూడియో మాట్లాడుకున్నానని రాశావు. దాన్ని రెండు నెలలు వాయిదా వెయ్యి. స్టూడియోలో గంటగంటకూ డబ్బు పోతుంది. చరణం ఇంట్లో కూర్చుని దిద్దుకుంటే పోయేదేమీ లేదు. జానపదం పాడేవాళ్ల మొదటి ఆల్బం చాలాసార్లు ఎక్కడ దెబ్బతింటుందంటే, మాట వినపడదు. దరువు వినపడుతుంది, గొంతు వినపడుతుంది, మాట మటుకు కొట్టుకుపోతుంది. కింద రాసేదంతా నీ మాట వినపడటానికే.

పద్నాలుగులో ఎనిమిది చాలు. స్ట్రీమింగ్ యాప్‌లలో నాలుగు నుంచి ఆరు పాటలుంటే ఈపీ, అంటే చిన్న ఆల్బం; ఏడు, ఆపైన ఉంటే ఆల్బం. నీ పాటల్లో తొమ్మిది తిశ్ర నడకలోనే, అంటే మూడేసి మాత్రల నడకలోనే ఉన్నాయి, అవి కూడా దాదాపు ఒకే వేగంలో. తిశ్రం ఊపు మన పాటకు సహజమే. కానీ వరసగా నాలుగు వింటే ఒకే పాట సాగుతున్నట్టుంటుంది. తిశ్రంలో మూడు పాటలు, నాలుగేసి మాత్రల చతురశ్రంలో మూడు పాటలు ఉంచు. ఒకటి తాళం లేకుండా తంబుర మీద సాగదీసి పాడు. ఎనిమిదోది నీ ఇష్టం.

ఇప్పుడు సాహిత్యం. నాలుగో పాట పల్లవి చూడు: ‘సాగర తీరాన నా మది నీకోసం వేచింది’. మీ ఊళ్లో ఎవరైనా ‘సాగర తీరం’ అంటారా? ‘మది’ అంటారా? అవి సినిమా పాటల్లోంచి నీ నోటికి అంటుకున్న మాటలు. పైగా ఆ లైను తిశ్రంలో కూర్చోదు. ‘వేచింది’ దగ్గర నువ్వు సాగదీయాల్సి వస్తోంది, అక్కడే శ్రుతి జారుతోంది. అదే భావాన్ని ఇలా పెట్టి చూడు:

పడవ కట్టు తాడు మీద
కాకి వాలి కూసినాది

పడవ, కట్టు, తాడు, మీద. కాకి, వాలి, కూసి, నాది. అన్నీ మూడేసి మాత్రలు. చేత్తో దరువేస్తూ అను, ఒక్క మాట కూడా నెట్టనక్కర్లేదు. ఇక అర్థం సంగతి. తాడు ఒడ్డున ఉంది, పడవ లేదు. కాకి కూస్తే చుట్టమొస్తాడని మనవాళ్ల నమ్మకం. ‘వేచింది’ అన్న మాటే లేకుండా ఎదురుచూపు వచ్చేసింది. ఇది నా లైను, నువ్వు వాడుకోవద్దు. ఈ పద్ధతిలో నీది నువ్వు రాయి. ఎనిమిది పాటల్లోనూ భావం పేరు చెప్పే మాటలకు, అంటే విరహం, వేదన, ఆశ లాంటి వాటికి, కింద గీత గియ్యి. వాటిలో సగం తీసేసి ఆ చోట కంటికి కనపడే వస్తువు పెట్టు.

యాస ఒకటే ఉంచు. మూడో పాటలో పల్లవి ‘ఏటి సేత్తన్నావు’ అని మొదలై, చరణంలో ‘ఏమి చేయుచున్నావో’ అయిపోయింది. ఆరో పాటలో తెలంగాణ ‘ఏంది’ దూరింది. నీది శ్రీకాకుళం నోరు. చెన్నైలో వినేవాళ్లకు అర్థం కాదేమోనని దాన్ని చదును చెయ్యకు. అర్థం కాని మాట ఒకటి రెండు ఉన్నా పాట నిలుస్తుంది, రెండు యాసలు కలిస్తే నిలవదు.

వంతను చులకనగా తీసెయ్యకు. ‘ఓలమ్మో’ అని వంతపాట రెండు ఆవృత్తాలు, అంటే తాళం రెండు చుట్లు, పట్టుకుంటేనే ముందు పాడేవాళ్లకు ఊపిరి తిరుగుతుంది. ఒక్కదాన్నే పాడుతున్నానని వంత తీసేశావు, అందుకే రెండో చరణం చివర నీకు ఊపిరి అందడం లేదు. వంతకు ఇద్దరు ముగ్గురిని పిలువు. నీ గొంతునే నాలుగుసార్లు ఒకదానిమీద ఒకటి రికార్డు చేస్తే అది వంత కాదు, ప్రతిధ్వని అవుతుంది.

నువ్వు పంపినవాటిలో రెండు మీ నాయనమ్మ దగ్గర నేర్చుకున్నవి అన్నావు. వీటి దగ్గర చాలా జాగ్రత్త. కర్త తెలియని పాత పాటను ఎవరైనా పాడుకోవచ్చు. కానీ జనం నోళ్లలో నలిగిన ప్రతి పాటా అలాంటిది కాదు. ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ జానపదమని ఎంతోమంది అనుకుంటారు, అది వంగపండు ప్రసాదరావు గారి రచన. ఆయన 2020లో పోయారు. మన కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయాక మరో 60 ఏళ్లు హక్కు ఉంటుంది. అంటే 2080 చివరి దాకా అనుమతి లేకుండా ముట్టుకోకూడదు. నాయనమ్మ పాటలు రెంటినీ పాత సంకలనాల్లో వెతుకు, నలుగురిని అడుగు. కర్త లేడని తేలితే గీత రచన దగ్గర ‘సంప్రదాయం’ అని వెయ్యి. నువ్వు రెండు చరణాలు కలిపి ఉంటే ‘పల్లవి సంప్రదాయం, చరణాలు ఫలానా’ అని విడదీసి రాయి. నాయనమ్మ పేరూ ఊరి పేరూ తప్పకుండా ఉండాలి. మద్రాసు రేడియో కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. వింజమూరి సోదరీమణులు సీత, అనసూయ పల్లె పాటను ఆ మైకు ముందుకు తెచ్చారు. అంతకుముందు ఆ పాటలను నోటి మీద మోసుకొచ్చిన ఆడవాళ్ల పేర్లు మనకు చాలావరకు మిగల్లేదు. నీ ఆల్బంలో ఒక్క పేరైనా మిగలనీ.

శ్రుతి విషయం. అన్నీ ఆరు శ్రుతిలో ఎత్తుకున్నావు. పొలంలో దూరానికి వినపడాలని పైకి ఎత్తుకుంటారు. మైకు జానెడు దూరంలో ఉన్నప్పుడు అంత అక్కర్లేదు. ఐదున్నరలో, ఐదులో కూడా పాడి చూడు. అంతకంటే దించితే గొంతులో బిగి పోతుంది. అరగంట పాడాక, అలసిన గొంతుతో చరణంలోని పై స్థాయి పట్టి చూసి ఖాయం చేసుకో. పొద్దున్నే తాజా గొంతుతో నిర్ణయించిన శ్రుతి సాయంత్రం కాల్షీట్లో మోసం చేస్తుంది.

డప్పు రికార్డింగే నీకు అన్నిటికంటే పెద్ద పని. ఏసీ గది, చెన్నై చెమ్మ, రెండూ తోలుకు శత్రువులు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో అయితే మరీను. కాచి తెచ్చిన డప్పు కాసేపటికే వదులై, మొదటి టేకుకూ ఐదో టేకుకూ నాదం మారిపోతుంది. తర్వాత వాటిని కోసి కలపలేవు. అందుకని రెండు డప్పులు తెప్పించు. ఒకటి మోగుతుంటే రెండోది బయట సెగ మీద ఉండాలి. లోపల మంట పెట్టనివ్వరు కాబట్టి ఆవరణలో ఎక్కడ కాచుకోవచ్చో ముందే అడిగి పెట్టుకో. ఏసీ ఆపించు, టేకు టేకుకూ మధ్య వేసుకోవచ్చు. మైకు నాలుగడుగుల దూరంలో పెట్టించు. దెబ్బ గట్టిగా పడినప్పుడు కూడా రికార్డింగ్ మీటరు మైనస్ 10 డెసిబెల్స్ దాటకూడదు. దూది కుక్కినట్టుండే, గొంతు రికార్డు చేసే చిన్న గదిలో డప్పు వాయించనివ్వకు, డబ్బా మోత వస్తుంది. కాస్త పెద్ద హాలున్న స్టూడియో దానికి ఒక్క రోజు తీసుకుంటే చాలు.

డప్పు కళాకారుడితో ఒక మాట ముందే అనుకో. కుడిచేతి చిర్ర, అంటే లావు పుల్ల, దెబ్బ గుండెల్లో పడుతుంది, దానితో ఇబ్బంది లేదు. ఎడమచేతి చిటికెన పుల్ల పలికే సన్నని ‘చిట్’ సరిగ్గా నీ క, ట, చ లు ఉండే చోటే పడి వాటిని మింగేస్తుంది. చరణం నడిచేటప్పుడు చిటికెన పుల్లను తగ్గించి, వంతలో విడిచిపెట్టమను. మిక్సింగులో ఎంత కష్టపడ్డా ఇంత శుభ్రంగా రాదు.

క్లిక్, అంటే చెవిలో వేగం చెప్పే టిక్ టిక్, పెట్టి ఒకే వేగానికి బిగించొద్దు. మన పాట చివరికొచ్చేసరికి ఊపందుకుంటుంది. ముందు నువ్వూ డప్పూ కలిసి క్లిక్ లేకుండా ఒకసారి పాడండి. ఇంజినీరు ఆ వేగాన్ని కొలిచి, పల్లవి నిమిషానికి 96 దెబ్బలు, ఆఖరి చరణం 102 అన్నట్టు, క్లిక్‌ను దానికి తగ్గట్టు గీస్తాడు. మిగతావాళ్లు దానిమీద వాయిస్తారు. గొంతు రోజుకు ఒక పాటే. మైకును నోటికి తిన్నగా కాకుండా కొంచెం పక్కకు తిప్పించు, లేకపోతే ప, బ పలికినప్పుడల్లా గాలి దెబ్బ పడుతుంది. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేయించి, ట్రాకులన్నీ విడివిడిగా ఇస్తారని డబ్బు కట్టకముందే రాయించుకో. రేపు ఎవరైనా ఈ రికార్డింగ్ తమదని యూట్యూబులో క్లెయిమ్ వేస్తే నీ చేతిలో ఉండే సాక్ష్యం అదే.

మిక్సింగులో పిచ్ కరెక్షన్, అంటే శ్రుతిని యంత్రంతో సరిదిద్దడం, మొత్తానికి వెయ్యనివ్వకు. నీ గొంతులో స్వరం కింద నుంచి ఎక్కే ఆ చిన్న జారుడు చదునైపోతుంది. ఊపిరి చప్పుళ్లు కూడా కోయనివ్వకు. మోత పెంచమని అడగకు. స్పాటిఫై మైనస్ 14 లఫ్స్ (మోతకు కొలత) దగ్గరకు తనే సర్దుతుంది, నువ్వు పెంచిందంతా మళ్లీ దించుతుంది. మిక్స్ అయ్యాక, పాట ఎప్పుడూ వినని ఇద్దరికి ఫోన్ స్పీకర్లో ఒక్కసారి వినిపించి, వినపడిన మాటలు కాగితం మీద రాయమను. ఇద్దరూ ఒకే చోట తప్పు రాస్తే, ఆ చోట వాయిద్యం తగ్గాలి లేదా నువ్వు ఆ లైను మళ్లీ పాడాలి.

కాగితాల విషయంలో మొహమాటం వద్దు. ఎవరైనా కంపెనీవాళ్లు ‘అన్ని హక్కులూ, ఎప్పటికీ, ఒకే మొత్తం’ అని రాసిస్తే సంతకం పెట్టకు. ఒప్పందంలో కాలం రాయకపోతే 5 ఏళ్లేనని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని చట్టం అంటోంది. అందుకే వాళ్లు ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అని ప్రత్యేకించి రాస్తారు. ఆ రెండు మాటలే వెతుకు. 2012 సవరణ తర్వాత రచయితకూ స్వరకర్తకూ రావాల్సిన రాయల్టీ వాటాను రాసిచ్చేయమని అడిగినా అది చెల్లదు. రచయితలకూ స్వరకర్తలకూ రాయల్టీ వసూలు చేసిపెట్టే సంఘం ఐపీఆర్‌ఎస్‌లో గీత రచయితగా, స్వరకర్తగా రెండు విధాలా సభ్యత్వం తీసుకో. డప్పు కళాకారుడికి డబ్బు ఇచ్చే రోజే రసీదు, పేరు ఎలా వెయ్యాలో అతని చేత్తోనే రాయించుకో.

విడుదలకు కనీసం నాలుగు వారాల ముందు పాటలు డిస్ట్రిబ్యూటర్‌కు, అంటే వాటిని యాప్‌లలో ఎక్కించేవాళ్లకు, చేరాలి. స్పాటిఫై ప్లేలిస్టులకు ఒక్క పాటే పంపగలవు, అది కూడా విడుదలకు కనీసం 7 రోజుల ముందు. ఒక పాటను ముందే సింగిల్‌గా వదిలితే, ఆల్బంలోనూ దానికి అదే ఐఎస్‌ఆర్‌సీ నంబరు, అంటే ఆ రికార్డింగ్‌కు గుర్తింపు నంబరు, ఇవ్వు. లేదంటే అప్పటిదాకా విన్నవాళ్ల లెక్క రెండు ముక్కలవుతుంది. స్పాటిఫైలో 30 సెకన్లు వింటేనే ఒక లెక్క, ఏడాదిలో 1,000 లెక్కలు దాటని పాటకు పైసా రాదు. దానికోసం పాటలు కుదించకు. మొదటి పాటలో మటుకు నీ గొంతు పదిహేను సెకన్లలోపు వినపడాలి. సాహిత్యాన్ని తెలుగు లిపిలోనే ఎక్కించు. కవరు 3000 పిక్సెళ్ల చదరం. డిజైన్ చేసేవాళ్లకు తెలుగు రాకపోతే ఒత్తులు ఊడి పక్కన పడతాయి, ఫైలు పంపేముందు ఒక్కో అక్షరం నువ్వే చూడు.

ఆవిష్కరణ డిసెంబరులో పెట్టుకోకు. చెన్నైలో మార్గళి (ధనుర్మాసం) సంగీత కచేరీల హడావిడిలో వాయిద్యకారులు దొరకరు. మైలాపూరులో పొట్టి శ్రీరాములు స్మారక భవనం అడిగి చూడు, ఫిబ్రవరిలో ఒక ఆదివారం సాయంత్రం.

నాలుగో పాట పల్లవి, ఆరో పాట రెండో చరణం తిరగరాసి పంపు. కాగితం వద్దు, ఐదున్నర శ్రుతిలో చేత్తో దరువేస్తూ పాడి పంపు. వంత పాడటానికి ఎవరిని పిలుస్తున్నావో కూడా చెప్పు.

ఆశీస్సులతో.