తెలుగు, బెంగాలీ ఇళ్లకి కలిపి ఒక పేరు: మేం ఎలా పెట్టుకున్నామంటే

మీది గుంటూరు, మీ ఆవిడది కోల్‌కతా, వచ్చే నెలలో డెలివరీ అని రాశారు. మీ అమ్మగారు నక్షత్రం ప్రకారమే పెట్టాలంటున్నారు, అత్తగారి వైపు వాళ్లకి బెంగాలీ పేరే కావాలి, ఎవరి మనసూ కష్టపెట్టని పేరు దొరుకుతుందా అని అడిగారు. దొరుకుతుందండీ. నాది కాకినాడ, మావారిది హౌరా. మా పాప పేరు ఉమ.

ముందుగా ఒక్క మాట. రెండు కుటుంబాల కోరికలన్నీ ఒకే పేరులో ఇరికించాలని చూడకండి. మన దగ్గరా, వాళ్ల దగ్గరా కూడా బిడ్డకి ఒకటి కంటే ఎక్కువ పేర్లు పెట్టే ఆచారం ఉంది. దాన్ని పూర్తిగా వాడుకోండి. రికార్డుల్లోకి ఎక్కే పేరుకి మాత్రం నేను పెట్టే పరీక్ష ఒకటే: మీ అమ్మగారు పిలిచినా, అత్తగారు పిలిచినా అది ఒకేలా వినపడాలి.

సంస్కృతం పేరైతే ఇద్దరికీ సరిపోతుందని చాలామంది అనుకుంటారు. రాసుకుంటే సరిపోతుంది, పిలిస్తే కాదు. బెంగాలీలో 'వ' పలకరు, 'బ' అంటారు. మన విమల అక్కడ బిమొలా, కావేరి కాబేరి, వివేక్ బిబేక్. పేరు మొదట్లో 'య' ఉంటే 'జ' అవుతుంది, యామిని జామినిలాగా. అకారం చాలా చోట్ల ఒకారంలా పలుకుతుంది: నళిని నొలిని, కిరణ్ కిరొన్. లక్ష్మి అయితే లొక్ఖి. అది వాళ్ల భాషకున్న అందం, అందులో సరిదిద్దాల్సిందేం లేదు. కానీ బిడ్డని రోజూ పిలవాల్సిన పేరు కదా. మేం మొదట అనుకున్నది వసుంధర. మా అత్తగారు ఫోన్లో ఎంతో ముద్దుగా "బొషుంధొరా" అన్నారు. స్పీకర్లో వింటున్న మా నాన్న "ఎవరమ్మా ఆ అమ్మాయి?" అని అడిగారు. ఆ పేరు అక్కడే పక్కన పెట్టేశాం.

దీర్ఘాలు, ఇకార ఉకారాలు ఎక్కువగా ఉన్న పేర్లు పెద్దగా మారవు. అమ్మాయికి తార, లీల, మీరా, నీలిమ, మాలిని, మాధురి చూడండి. అబ్బాయికి రోహిత్, రాహుల్, నీలాద్రి. నీలాద్రి బెంగాలీ ఇళ్లలో బాగా వాడుకలో ఉన్న పేరు, మన వాళ్లకీ కొత్తగా అనిపించదు. ఉమ అనే పేరుకి బెంగాలీలో చివర దీర్ఘం వస్తుంది. మనం పిలిచేటప్పుడు ఎలాగూ "ఉమా!" అనే అంటాం.

పైగా ఉమామహేశ్వరి మా నానమ్మ పేరు. బెంగాల్లోనేమో ఉమ అంటే ఇంటి ఆడపిల్లే. ఏటా శరత్కాలంలో దుర్గ కైలాసం నుంచి పుట్టింటికి వస్తుందని వాళ్ల నమ్మకం. కూతురి కోసం తల్లి మేనక ఎదురుచూడడం మీద ఆగమని పాటలని ప్రత్యేకంగా ఉన్నాయి. పేరు చెప్పగానే మా అత్తగారు వాటిలో ఒక పాట అందుకున్నారు. ఇంక వేరే పేరు వెతకలేదు.

ఇక నక్షత్రం. మా పాపది రోహిణి మూడో పాదం, అక్షరం 'వి'. ఆ అక్షరంతో ఏ పేరు పెట్టినా అటు వైపు 'బి' అయిపోతుంది. బారసాల నాడు పురోహితుడు గారే దారి చెప్పారు. పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో నక్షత్రనామం విశాలాక్షి అని ఒక వరసలో, వ్యవహారనామం ఉమ అని ఇంకో వరసలో రాయించారు. మా అమ్మకి ఉన్న టెన్షన్ అక్కడితో తీరిపోయింది. మీ అమ్మగారితో కూడా ఈ పద్ధతి గురించి ముందే మాట్లాడి ఉంచండి.

బెంగాలీ వాళ్లకి డాక్‌నామ్ అని ఇంట్లో పిలుచుకునే పేరు వేరే ఉంటుంది. అది పూర్తిగా అత్తగారి వాళ్లకి వదిలేయండి, ఎంత సంతోషిస్తారో చూడండి. మా పాప హౌరాలో టుక్‌టుకి, కాకినాడలో బుజ్జి.

పెద్దవాళ్లు "బెంగాలీ పేరు మనకెందుకు" అంటే వాళ్లకి ఒక సంగతి గుర్తుచేయండి. స్వాతంత్ర్యోద్యమం నాటి నుంచీ మన వాళ్లు పిల్లలకి సుభాష్ చంద్రబోస్ అనీ, రామ్మోహన్ రాయ్ అనీ పెట్టుకుంటూనే ఉన్నారు. సినీ గీత రచయిత చంద్రబోస్ గారి పేరే చూడండి, అక్కడి ఇంటిపేరు ఇక్కడ సొంత పేరైపోయింది.

ఇలాంటి సంసారాలు కొత్తవీ కావు. హైదరాబాద్‌లో పుట్టిన బెంగాలీ అమ్మాయి సరోజినీ చట్టోపాధ్యాయ 1898లో డాక్టర్ గోవిందరాజులు నాయుడు గారిని పెళ్లాడారు. పిల్లలకి జయసూర్య, పద్మజ, రణధీర, లీలామణి అని పేర్లు పెట్టుకున్నారు. ఆ పద్మజా నాయుడు గారే 1956లో పశ్చిమ బెంగాల్ గవర్నరయ్యారు. తల్లి పేరులోనూ తామరే, కూతురి పేరులోనూ తామరే. అమ్మమ్మ పేరో నానమ్మ పేరో పెట్టాలని ఉండి, ఆ పేరు యథాతథంగా కుదరకపోతే మీరూ ఇలా అదే అర్థం వచ్చే ఇంకో పేరు వెతకొచ్చు.

ఇంటిపేరు విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. మన అలవాటు ప్రకారం ముందు ఒక్క ఇనిషియల్ పెట్టి వదిలేస్తే తర్వాత తిప్పలు. పాస్‌పోర్ట్ దరఖాస్తులో ఇంటిపేరు, పేరు విడివిడిగా అడుగుతారు. మొదటి నుంచీ ఇంటిపేరు పూర్తిగా రాయించండి. మీ ఆవిడ ఇంటిపేరు కూడా ఉండాలనుకుంటే మధ్యలో పెట్టుకోవచ్చు. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకి స్కూలు, ఆధార్, పాస్‌పోర్ట్ అన్నిటికీ జనన ధ్రువీకరణ పత్రమే ఆధారం కాబట్టి అందులో స్పెల్లింగ్ ఎలా ఉంటే అన్నిచోట్లా అలాగే రావాలి.

ఆసుపత్రిలో ఫారం ఇచ్చి పేరు రాయమంటే కంగారుపడకండి. జననం 21 రోజుల్లో నమోదైతే చాలు, పేరు గడి ఖాళీగా ఉండొచ్చు. ఏడాదిలోపు పేరు చేర్చడానికి ఫీజు ఉండదు, ఆ తర్వాతైతే ఆలస్య రుసుముతో 15 ఏళ్ల వరకు చేర్చుకోవచ్చు. బిడ్డ పుట్టాక లిస్టులో మిగిలిన పేర్లతో రెండు ఇళ్లవాళ్లూ కొన్నాళ్లు పిలిచి చూశాకే ఆ గడి నింపండి.